తమ మానాన తాముండే రాక్షసులు!

సినిమాల్లో రాక్షసుడు ఏం చేస్తాడో నేల టిక్కెట్టు కుర్రాణ్ణి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ముందు వికటాట్టహాసం చేస్తాడు. తరువాత రాజకుమారిని ఎత్తుకుపోతాడు. గుహలో దాచి కాపలా కాస్తాడు. చివరి రీలులో కథానాయకుడు వచ్చి, వాడి ప్రాణం ఏ చిలకలోనో ఉందని కనిపెట్టి, దాని పీక నులుముతాడు. హాలంతా ఈలలు! ఆ వెంటనే ‘శుభం’ కార్డు!

ఈ లెక్కకు అస్సలు లొంగని ఒక రాక్షస జాతిని మీకు పరిచయం చేద్దామని ఈ వారం కలం పట్టాను. వీళ్ళకు రాజకుమారి అక్కర్లేదు. అట్టహాసం రాదు. లోకాన్ని ఏలాలన్న దురాశ లేదు. ఊరికి దూరంగా, మైదానం మధ్యలో మంట వేసుకుని, తమ పశువులను తాము కాచుకుంటూ ఉంటారు. మీరు దగ్గరికి వెళ్ళనంతవరకు మీ జోలికి రారు. వెళ్ళారో... ఆ ముచ్చట తరువాత చెబుతాను లెండి!

వీళ్ళు కనిపించేది వెండితెర మీద కాదు, వీడియో గేములో. పేరు ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’. అమెరికాలోని బెథెస్డా గేమ్ స్టూడియోస్ వారు తీశారు. దర్శకుడు టాడ్ హోవర్డ్. విడుదలైన తేదీ కూడా సినిమావాళ్ళ ముహూర్తంలాగే ఉంటుంది - 2011 నవంబరు 11. అంటే పదకొండు, పదకొండు, పదకొండు! దాదాపు వంద మంది పనిచేసిన ఆ ఆట అప్పటినుంచి రకరకాల యంత్రాల మీద మళ్ళీ మళ్ళీ విడుదలవుతూనే వచ్చింది. 6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయాయని 2023లో టాడ్ హోవర్డ్ స్వయంగా చెప్పాడు. మన భాషలో చెప్పాలంటే ఎన్ని వందల రోజుల పండుగలు చేసుకోవాలో మీరే లెక్క వేసుకోండి.

ఆ ఆటలో డ్రాగన్లు ఉన్నాయి, రక్తపిశాచాలు ఉన్నాయి, మాంత్రికులు ఉన్నారు. పోస్టరు మీద బొమ్మ వేయదగ్గవాళ్ళు బోలెడుమంది. కాని నా మనసు పట్టుకున్నది మాత్రం ఏ పోస్టరూ ఎక్కని ఈ పశువుల కాపరులే. ఆటలో వాళ్ళ పేరు ‘జెయింట్లు’. మహాకాయులన్నమాట.

ఒక్క డైలాగూ లేని నటుడు

ముందు రూపం చెబుతాను. మనిషికి రెట్టింపు ఎత్తు. బూడిద రంగు ఒళ్ళు, ఒంటి నిండా కావాలని కోసుకున్నట్టుండే గాట్లు. గడ్డం. మొలకు తోలు ముక్క. భుజం మీద దుంగంత గద. నడిచేటప్పుడు తొందర ఉండదు. అడుగు తీసి అడుగు వేస్తుంటే పొలం నుంచి ఇంటికి వెళుతున్న ముసలి రైతు నడకలా ఉంటుంది.

చిత్రం ఏమిటంటే, ఇంత పెద్ద పాత్రకు ఒక్క మాటా లేదు. స్కైరిమ్‌లో మాటలకు కొదవా అంటే, అదీ కాదు. 70 మందికి పైగా నటులు గొంతులిచ్చారు. 60 వేలకు మించిన సంభాషణలున్నాయి. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో (1965) మిలిటరీ క్రమశిక్షణతో పిల్లల్ని పెంచిన క్రిస్టఫర్ ప్లమ్మర్ గుర్తున్నాడా? కొండ మీది సన్యాసికి ఆయన గొంతిచ్చాడు. ‘ది ఎక్సార్సిస్ట్’లో (1973) దయ్యాన్ని వదిలించడానికి వచ్చిన మాక్స్ వాన్ సిడో ఒక ముసలి పండితుడికి గొంతిచ్చాడు. టెలివిజన్‌లో ‘వండర్ వుమన్’గా వెలిగిన లిండా కార్టర్ కూడా ఉంది. ఇంతమంది హేమాహేమీలు పోటీలు పడి డైలాగులు చెబుతుంటే, ఈ జెయింటు మాత్రం ఒక మూలుగు, ఒక గర్జన - అంతటితో సరి!

అయినా చూసినవాళ్ళకు ఆ పాత్ర మరపురాదు. మాటలు లేకుండా మెప్పించడం ఎంత కష్టమో మూకీల కాలంనాటి నటుల్ని అడగాలి.

ఆ మూలుగులో కూడా అర్థం ఉంది సుమండీ. మీరు నడుచుకుంటూ వాళ్ళ మకాం దరిదాపులకు వెళ్ళారనుకోండి. జెయింటు వెంటనే మీద పడడు. ముందు మీ వైపు తిరుగుతాడు. గద ఎత్తి ఒకసారి గుర్రుమంటాడు. ‘వచ్చిన దారినే వెళ్ళు నాయనా’ అన్నమాట. మీరు వెనక్కి తగ్గారా, ఆయన మళ్ళీ మంట దగ్గరికి వెళ్ళిపోతాడు. లెక్కచేయకుండా ముందుకే వెళ్ళారా, ఆ పైన పూచీ మీది.

ఆటల్లో శత్రువులు సాధారణంగా ఇలా ఉండరు. కనపడితే చాలు, కత్తి దూస్తారు. హెచ్చరించి, అవకాశమిచ్చి, మీరు తగ్గితే తానూ తగ్గే శత్రువును శత్రువు అనొచ్చునా? నన్నడిగితే పొరుగువాడు అంటాను. కాస్త ముక్కోపి పొరుగువాడు!

మైదానంలో మంట

వీళ్ళ మకాములు ఆ దేశమంతా చెదురుమదురుగా ఉంటాయి. బ్లీక్‌విండ్ బేసిన్, సెకుండాస్ కిస్, స్లీపింగ్ ట్రీ క్యాంప్ అని ఒక్కోదానికి ఒక్కో పేరు. ఇల్లూ వాకిలీ ఏమీ ఉండవు. మధ్యలో ఎవరెస్టంత మంట. చుట్టూ పాతిన బండరాళ్ళు, వాటి మీద రంగుతో వేసిన సుళ్ళు, చుట్లు. అక్కడక్కడ ఎముకలు, తోళ్ళు. రాత్రిపూట దూరం నుంచి చూస్తే చీకట్లో ఆ ఒక్క మంటే కనబడుతుంది. పైన నక్షత్రాలు, వెనక జెరెమీ సోల్ సమకూర్చిన మెత్తని సంగీతం. ఈ సీను ఏ కెమెరామాన్ తీసినా అవార్డు ఇవ్వాల్సిందే.

మంట చుట్టుపక్కల మేసేవి మామత్‌లు. అంటే ఒళ్ళంతా జూలున్న, వంపు దంతాల ఏనుగులు. మనకు ఆవులూ గేదెలూ ఎలాగో వాళ్ళకు ఇవి అలాగ. పాడి కూడా ఉందండోయ్! మకాములో పెద్ద గిన్నెల నిండా మామత్ పాలతో చేసిన జున్నులాంటి చీజ్ ఉంటుంది. అంత ఏనుగును కూర్చుని ఎలా పితుకుతారన్నది మాత్రం ఆటలో ఎక్కడా చూపించలేదు!

కాపరికీ మందకూ ఉన్న కట్టుబాటు చూస్తే ముచ్చటేస్తుంది. మామత్‌కు బాణం తగిలిందా, జెయింటు గద ఎత్తుతాడు. జెయింటుకు దెబ్బ తగిలిందా, మామత్‌లు దంతాలు దించి మీద మీదకు వస్తాయి. ‘నువ్వు నాకు, నేను నీకు’ అన్న ఒప్పందం. ఇద్దరికీ మాటలు రావు, అయినా ఒప్పందం తప్పరు.

ఇంకొక్క సంగతి. ఆటలో కనిపించే జెయింట్లంతా మగవాళ్ళే. ఆడవాళ్ళు లేరు, పిల్లలు లేరు. నిర్మాతలు బొమ్మలు చేసే పని తగ్గించుకోడానికి అలా చేశారని సరిపెట్టుకోవచ్చు. కాని రెండో రోజు మూడో రోజు ఆడుతుంటే మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. ఈ జాతికి రేపు అనేది ఉందా? మంట దగ్గర ఒక్కడే నిలబడి ఉన్న ఆ మనిషి (మనిషి అనే నోరొస్తోంది!) చివరివాళ్ళలో ఒకడేమో అనిపిస్తుంది. ఆ అనుమానం వచ్చాక కత్తి అంత తేలిగ్గా లేవదు.

రంగులు వేసిన ఆవు

మరి ఊళ్ళోవాళ్ళు వీళ్ళతో ఎలా నెగ్గుకొస్తున్నారు? దానికి జవాబు దారిలో ఒక చిన్న సీనులో దొరుకుతుంది. చాలామంది చూడకుండానే దాటిపోతారు. ఎందుకంటే అది తప్పకుండా వచ్చే సీను కాదు. అదృష్టం ఉంటేనే ఎదురవుతుంది.

బాట మీద ఒక రైతు ఆవును తోలుకుని వెళుతుంటాడు. ఆవు ఒంటి మీద రంగులతో చుట్లు చుట్లుగా ముగ్గులు! మన సంక్రాంతి కనుమ నాటి పశువులా ముస్తాబై ఉంటుంది. ‘ఎక్కడికయ్యా?’ అని అడిగితే, జెయింట్లకు ఇవ్వడానికి అని చెబుతాడు. ఒక ఆవును వాళ్ళంతట వాళ్ళే ఇచ్చేస్తే మిగతా మంద జోలికి జెయింట్లు రారని వాళ్ళ నమ్మకం.

ఎంత పెద్ద సంగతి చూశారా! రాజుగారి సైన్యం లేదు, వీరుడి కత్తి లేదు, మంత్రం లేదు. ఒక బీద రైతు, ఒక ఆవు, నాలుగు రంగులు. యుద్ధం లేకుండా రెండు జాతులు పక్కపక్కన బతకడానికి అంతే ఖర్చు. ఏకచక్రపురంలో బకాసురుడికి బండెడు అన్నం పంపిన కథ మనకు తెలిసిందే. అక్కడ బండితోపాటు మనిషిని కూడా పంపాలి, అందుకే భీముడు కావలసి వచ్చాడు. ఇక్కడ మనిషిని అడిగేవాడు లేడు. కాబట్టి భీముడూ అక్కర్లేదు.

అయితే నేను జెయింటును ధర్మాత్ముడని చెప్పడం లేదు. ముక్కు మీద కోపం. గద పట్టాడంటే తారతమ్యం తెలియదు. దారి తప్పి మకాములో కాలు పెట్టిన అమాయకుడైనా, దొంగైనా ఆయనకొకటే. పొలాల మీద పడిన సందర్భమూ ఉంది. ఆ మాటకొస్తే ఆటలో మనం జెయింటును మొట్టమొదట చూసేది అలాంటి చోటే.

ఆయన మొదటి సీనే ఆఖరి సీను

ఆట మొదట్లో డ్రాగను దాడి నుంచి ప్రాణాలు దక్కించుకుని, కొండ దిగి, వైట్‌రన్ అనే కోట వైపు నడుస్తారు. ఊరి బయట పెలాజియా ఫారం అని ఒక పొలం. అక్కడ ఒక జెయింటు, చుట్టూ ముగ్గురు యోధులు - ఏలా, ఫార్కస్, రియా. వాళ్ళది ‘కంపానియన్స్’ అనే వీరుల దండు. బాణాలు, కత్తులు. మీరు వెళ్ళి చెయ్యి వేసినా, వెయ్యకపోయినా కాసేపటికి ఆ మహాకాయుడు నేలకొరుగుతాడు.

అప్పుడు ఏలా మీ దగ్గరికి వస్తుంది. సాయం చేసి ఉంటే భేష్ అంటుంది, దండులో చేరమంటుంది. ఊరికే చూస్తూ నిలబడి ఉంటే దెప్పిపొడుస్తుంది. నిజమైన యోధుడైతే జెయింటుతో పోరాడే అవకాశాన్ని వదులుకుంటాడా అన్నట్టు మాట్లాడుతుంది.

దర్శకుడి గడుసుతనం ఇక్కడే ఉంది. జెయింటు అంటే చంపవలసినవాడు అని మొదటి సీనులోనే మన చెవిలో వేసేశాడు. చంపినవాడు వీరుడు, చూస్తూ ఊరుకున్నవాడు పిరికివాడు. ఆ పాఠం చెప్పేసి, మనల్ని విశాలమైన మైదానంలో వదిలేశాడు. అక్కడ మంటల దగ్గర మిగతా జెయింట్లు ఉంటారు, ఎవరి మీదా దాడి చెయ్యకుండా! ఇప్పుడు ఏలా మాట వింటారా, కళ్ళతో చూసింది నమ్ముతారా? ఎవరూ చెప్పరు. ఆ తేల్చుకోవడం మీ వంతు.

ఉచిత ఆకాశయాత్ర

ఏలా మాట విని ఉత్సాహంగా కత్తి దూసినవాళ్ళ సంగతి ఏమైందో చెబుతానన్నాను కదూ!

ఆట మొదలుపెట్టినప్పుడు మీ ప్రాణశక్తి 100. జెయింటుది 600కు దగ్గర. మీరు మొదటి స్థాయి, ఆయన 32వ స్థాయి. గద ఒక్కటి తగిలిందా, మీరు చనిపోవడంతో ఆగదు. ఆకాశంలోకి లేస్తారు! కొండలు దాటి, మబ్బులు దాటి, చిన్న చుక్కైపోతారు. మీ శవం మీ కళ్ళముందే రాకెట్టులా పోతుంటే, చచ్చినందుకు ఏడవాలో, ఆ దృశ్యానికి నవ్వాలో తెలియదు.

ఇది కావాలని రాసింది కాదు. ఆటలో వస్తువులు పడడం, దొర్లడం, ఎగరడం చూసుకునే ‘హావోక్’ అనే యంత్రాంగం ఉంది. గద దెబ్బలోని బలమంతా ప్రాణం పోయిన శరీరానికి తోపుగా మారేసరికి లెక్క మితిమీరి, మనిషి నింగికెగిరాడు. ఆటగాళ్ళు దీనికి ‘జెయింట్ల అంతరిక్ష పథకం’ అని ముద్దుపేరు పెట్టారు. తరువాత ఆట ఎన్నిసార్లు కొత్త ముస్తాబుతో వచ్చినా ఆ ఎగురుడు అలాగే ఉండిపోయింది. జనం ఈల వేసిన సీనును కత్తిరించే నిర్మాత ఎవరుంటారు చెప్పండి!

ఈ తమాషా వల్ల జెయింట్లకు ఒక మేలు జరిగింది. కొత్త ఆటగాడికి వాళ్ళంటే భయం పుట్టింది. ఆ భయం కొద్దీ చుట్టు తిరిగి వెళ్ళడం నేర్చుకున్నాడు. అలా దూరంగా నిలబడి చూడడం మొదలుపెట్టాకే వాళ్ళ పాడి, వాళ్ళ మంట, రాళ్ళ మీది రంగులు కంటబడ్డాయి. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. ఆటగాడు బలవంతుడైపోతాడు, భయం పోతుంది. అప్పుడేం చేస్తాడు?

కాలివేలి ఖరీదెంత?

అప్పుడు చంపడానికి కారణాలు క్యూ కడతాయి. జెయింటు కాలి బొటనవేలుకు ఆ దేశంలో మహా గిరాకీ. దాన్ని గోధుమలతో కలిపి మూలికల బల్ల మీద నూరితే ప్రాణశక్తిని పెంచే మందు తయారవుతుంది. అంగట్లో దానికి మంచి ధర. ఆడేవాళ్ళలో సగంమంది డబ్బు సంపాదించింది ఆ మందుతోనే అన్నా అతిశయోక్తి కాదు. మామత్ దంతాలకు వేరే గిరాకీ. వైట్‌రన్ సంతలో ఇసోల్డా అనే అమ్మాయి, వ్యాపారంలో పైకి రావడానికి నాకొక దంతం తెచ్చిపెట్టమని అడుగుతుంది. స్లీపింగ్ ట్రీ మకాములో ఊదారంగులో వెలిగే చెట్టొకటి ఉంది. దాని జిగురుకూ కొనేవాళ్ళున్నారు. పైగా ఫలానా మకాములో జెయింటును చంపితే ఇంత బహుమతి అని దొరగారి దివాణం నుంచి పత్రాలు కూడా వస్తాయి.

వేలు కావాలి, దంతం కావాలి, జిగురు కావాలి, చీజ్ కావాలి. అందరికీ జెయింటు దగ్గరనుంచి ఏదో ఒకటి కావాలి. జెయింటుకు మాత్రం ఎవరి దగ్గరనుంచీ ఏమీ అక్కర్లేదు, ఏడాదికో ఆవు తప్ప!

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. స్కైరిమ్‌లో వాడిది 50 దాటిన స్థాయి. ఒక రాత్రి వాడు దివాణం పత్రం పట్టుకుని బ్లీక్‌విండ్ బేసిన్ వైపు బయల్దేరితే పక్కన కూర్చుని చూస్తున్నాను.

“ఒరేయ్, అతను నిన్నేమన్నాడురా?” అన్నాను.

“ఏమీ అన్లేదు మావయ్యా. బహుమతి ఉంది. వేళ్ళు కూడా వస్తాయి.”

“నీ పెట్టెలో బంగారం ఎంతుంది?”

“లక్ష దాటింది.”

“మరింకెందుకు?”

వాడు నవ్వాడు. “నువ్వు మరీను మావయ్యా! వాడు బొమ్మ. చంపినా కొన్నాళ్ళకు అదే చోట మళ్ళీ పుడతాడు.”

“అయితే మొన్న ఊళ్ళో కుక్కపిల్లను కొట్టినవాణ్ణి ఎందుకు చంపావు? అదీ బొమ్మేగా?”

వాడు కాసేపు మాట్లాడలేదు. బాణం తీగ లాగి పట్టుకుని, “సరే, వదిలేస్తే నాకేమొస్తుంది చెప్పు?” అన్నాడు.

మంచి ప్రశ్న వేశాడు. నేను ఆలోచించి చెప్పిన సమాధానం: ఏమీ రాదు. నిజంగానే రాదు. ఆ ఆటలో జెయింటును చంపితే బంగారం ఇస్తారు, వదిలేసినందుకు ఒక్క కాసు ఇవ్వరు. పేరు రాదు, బిరుదు రాదు, స్థాయి పెరగదు. మీరు వదిలేశారని ఆటకు తెలియను కూడా తెలియదు. తెలిసేది మీ ఒక్కరికే. అందుకే నాకది అన్ని బిరుదుల కంటే పెద్దదనిపిస్తుంది. దర్శకుడు చెప్పి చేయించిన మంచితనం కాదు కదా అది!

మేనల్లుడు ఆ రాత్రి బాణం వదిలాడా లేదా అన్నది వాడి ఇష్టం. నేను లేచి వచ్చేశాను.

ఇంతకీ విలన్ ఎవరు?

జెయింట్లతో ముడిపడిన కథ ఒకటి ఈ ఆటలో ఉంది. మంచి సినిమాకు సరిపోయే మలుపులున్న కథ. లార్గాష్‌బుర్ అనే ఆర్కుల కోట. మీరు వెళ్ళేసరికి అక్కడ జెయింటు దాడి జరుగుతుంటుంది. ఆర్కుల దేవుడు మాలకాత్‌కు కోపం వచ్చింది, అందుకే ఈ శాపం అంటుంది అటుబ్ అనే పెద్దామె. పూజ చేసి అడిగితే దేవుడు అసలు సంగతి చెబుతాడు. మీ నాయకుడు యమార్జ్ చేతకానివాడు, నా గుడిని జెయింట్లు ఆక్రమించినా చూస్తూ కూర్చున్నాడు, వెళ్ళి వాళ్ళ నాయకుణ్ణి చంపి గద తెమ్మను అని.

యమార్జ్ మీసం మెలేసి బయల్దేరతాడు. మిమ్మల్ని తోడు తీసుకెళతాడు. గుహ దాటి జెయింట్ల వనం అనే చోటికి చేరేసరికి గొంతు తగ్గుతుంది. “నా బదులు నువ్వు చంపు, డబ్బిస్తాను, నేనే చంపానని ఊళ్ళో చెబుదాం” అని బేరం పెడతాడు. సరేనని మీరు చంపారనుకోండి. నిజం బయటపడుతుందని మిమ్మల్నే చంపబోతాడు!

చూశారా! కథంతా జెయింటును విలన్ అనుకుని వచ్చాం. తీరా చూస్తే మోసగాడు, పిరికివాడు, వెన్నుపోటుదారుడు - మన పక్కన నడిచిన నాయకుడే. జెయింటు ఏం చేశాడు? ఎదురుగా నిలబడ్డాడు, ఎదురుగానే కొట్టాడు, ఎదురుగానే చచ్చాడు.

మరిచిపోయిన భాష

ఈ జాతి ఎప్పుడూ ఇలాగే ఉండేదా? లేదు. ‘ఎల్డర్ స్క్రోల్స్’ పరంపర 1994లో ‘అరీనా’తో మొదలైంది. రెండో ఆట ‘డాగర్‌ఫాల్’ 1996లో వచ్చింది. అందులో జెయింట్లు నేలమాళిగల్లో తిరిగే మామూలు రాక్షసులే. మనం చూశాం కదా, పాత జానపదాల్లో గుహ ద్వారం దగ్గర నిలబడే వేషాలు, సరిగ్గా అలాంటివే. 2003లో వచ్చిన ‘బ్లడ్‌మూన్’లో కార్‌స్టాగ్ అనే మంచు జెయింటు ఒక కోటకు ప్రభువుగా కనిపిస్తాడు. 2011కు వచ్చేసరికి నేలమాళిగ పోయింది, కోటా పోయింది. ఆరుబయట మంట, మంద మిగిలాయి. రాక్షసుడు కాస్తా కాపరి అయ్యాడు.

ఇక్కడ నన్ను బాగా కదిలించిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ 1996 నాటి ఆటలో ఆటగాడు నేర్చుకోగలిగిన విద్యల జాబితాలో జెయింట్ల భాష కూడా ఉండేది! కత్తి సాము, దొంగతనం, వైద్యంలాగే అదీ ఒక విద్య. అది వచ్చినవాడికి జెయింటు ఎదురుపడితే, ఒక్కోసారి కొట్టకుండా ఊరుకునేవాడు. రూపానికి వట్టి రాక్షసుడే అయినా ఆయనకొక భాష ఉందని, మనం నేర్చుకోవచ్చునని ఆనాటి ఆట ఒప్పుకుంది.

స్కైరిమ్‌లో ఆ విద్య లేదు. జెయింటుకు ఇల్లు వచ్చింది, పాడి వచ్చింది, బతుకు వచ్చింది. కాని ఆయనతో మాట్లాడే దారి మూసుకుపోయింది. మిగిలినవి రెండే. కత్తి తియ్యడం, లేదా చుట్టు తిరిగి వెళ్ళడం.

మంచు జెయింట్ల సంగతీ ఒక ముక్క చెప్పి వదిలేస్తాను. 2012లో ‘డాన్‌గార్డ్’ అనే అనుబంధ భాగం వచ్చింది. అందులో ఎవరికీ తెలియని లోయలో తెల్లటి ఒళ్ళు, కొమ్ములు ఉన్న జెయింట్లు దాక్కుని ఉంటారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రత్నం. ఆ రత్నాల కోసం అక్కడిదాకా వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళం ఎవరనుకున్నారు? మనమే! అదే ఏడాది వచ్చిన ‘డ్రాగన్‌బోర్న్’లో పాత కార్‌స్టాగ్ కోట శిథిలమై ఉంటుంది. ఆయన పుర్రె తెచ్చి సింహాసనం మీద పెడితే ఆత్మ లేచి తలపడుతుంది. ఆటలోని అతి కఠినమైన పోరాటాల్లో అదొకటి. చచ్చాక కూడా ప్రశాంతంగా ఉండనివ్వం కదా!

మన తెర మీది మహాకాయుడు

ఇదంతా చదివి, ‘ఇదేదో పాశ్చాత్యుల గొప్ప’ అనుకోకండి. పెద్ద ఒంట్లో మంచి మనసుంటుందని మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. 1957లో విజయా వారి ‘మాయాబజార్’లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై నడిచొస్తే, పిల్లలు భయపడలేదు, చంకలు గుద్దుకున్నారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా ఆ ఆకారాన్ని ఎంత పెంచి చూపించినా, ఆ కళ్ళలోని కొంటెతనం, బంధుప్రీతి దాగలేదు. రాక్షసుడే, కాని మనవాడు!

అటువైపు హాలీవుడ్‌లో ట్రిక్ ఫోటోగ్రఫీ మాంత్రికుడు రే హారీహౌసెన్ 1963లో ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’ కోసం టాలోస్ అనే కంచు మహాకాయుణ్ణి కదిలించాడు. బొమ్మను ఒక్కో ఫ్రేముకు కొంచెం కొంచెం జరుపుతూ తీసిన పని అది. చివర్లో మడమ దగ్గరి మూత తీసేస్తే లోపలి ద్రవమంతా కారిపోయి, గొంతు పట్టుకుని కూలిపోతాడు. హీరో గెలిచాడని చప్పట్లు కొట్టాలి. కాని ఆ బొమ్మ గిలగిలలాడుతుంటే చేతులు రావు.

ఘటోత్కచుడు మనవాళ్ళకు సాయం చేశాడు కాబట్టి ప్రేమించాం. టాలోస్ చచ్చేటప్పుడు జాలిపడ్డాం. స్కైరిమ్ జెయింటు మూడో రకం. మనకు సాయం చెయ్యడు, జాలి అడగడు. ఒక్కటే అడుగుతాడు, అదీ గద ఎత్తి, ఒక్క మూలుగుతో - దూరంగా ఉండమని. మనకు పనికిరానివాణ్ణి, మనల్ని ప్రేమించనివాణ్ణి, మన మాట రానివాణ్ణి బతకనివ్వగలమా అన్నదే పరీక్ష. సాయం చేసేవాణ్ణి ప్రేమించడంలో గొప్పేముంది?

ఆట ఆడే కుర్రకారుకు నాదొక చిన్న మనవి. ఈసారి స్కైరిమ్ పెట్టినప్పుడు రాత్రివేళ చూసుకుని ఏదైనా మకాము దగ్గరికి వెళ్ళండి. మరీ దగ్గరికి కాదు సుమా, ఆకాశయాత్ర తప్పదు! గద ఎత్తనంత దూరంలో ఒక రాయి చూసుకుని ఆగండి. కత్తి ఒరలో పెట్టండి. మామత్‌లు మెల్లిగా కదులుతుంటాయి. మంట మీద నిప్పురవ్వలు లేస్తుంటాయి. ఆ పెద్దాయన అటూ ఇటూ నడుస్తుంటాడు. అయిదు నిమిషాలు చూసి, చుట్టు తిరిగి మీ దారిన మీరు వెళ్ళిపోండి.

బహుమతి ఏమీ రాదని ముందే చెప్పాను. తరువాత నన్ను అడక్కండి మరి!